బెంజమిన్ అంగి

తాను చనిపోయిన సంగతి గాలయ్యకు మధ్యాహ్నం అన్నం తిని కాసేపు ఒరిగి లేచాక తెలిసింది. తలగడ పక్కన ఫోను అదేపనిగా గురగురలాడుతుంటే, పెత్రమాస, పెద్దల అమావాస్య కదా, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ కదా, శుభాకాంక్షలు మొదలై ఉంటాయి, ఆ వెంకటేశ్‌కు వేరే పనేముంది అనుకుంటూ కళ్లద్దాలు వెతుక్కుని చూస్తే, 'డెబ్బై ఆరు బ్యాచ్' గ్రూపులో ఒక దీపం బొమ్మ, దాని కింద 'మన గాలయ్య ఇక లేడు, మంచి మిత్రుణ్ని కోల్పోయాం' అన్న వెంకటేశ్ మాట. ముందు నవ్వొచ్చింది. పడీపడీ నవ్వేంత నవ్వు కాదు, గొంతులో ఎక్కడో చిన్నగా కదిలింది. ఆ దీపం బొమ్మ వెంకటేశ్ దీపావళికి పంపేదే, ఉగాదికి ఒకసారి దాన్నే పంపాడు, మిత్రులెవరైనా పోతే దాన్నే పంపుతాడు. చౌటుప్పల్‌లో ప్లాట్లు అమ్మి అమ్మి అలిసిపోయి, ఇప్పుడు గ్రూపును ఏలుతున్నాడు. రంజాను, రాఖీ, స్వాతంత్ర్య దినం ఏదీ వదలడు, పొద్దున్నే పువ్వో సూర్యుడో పంపితే తప్ప వాడికి చాయ దిగదు. బొమ్మ కింద ఒకరి తర్వాత ఒకరు దండాలు పెట్టుకుంటూ పోయారు. రెండు చేతులు జోడించిన దండాలు పొలంలో నాటు వేసినట్టు వరసగా ఉన్నాయి. గాలయ్య బొటనవేలితో పైకి జరుపుకుంటూ పోయి, వరస మొదట్లో ఉన్న ఫోటో దగ్గర ఆగాడు.

పొద్దున తానే పెట్టించిన ఫోటో అది. పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చి వచ్చాక, అందరూ తమ తల్లిదండ్రుల ఫోటోలు గ్రూపులో పెడుతుంటే, మనవరాలు ప్రణీతను పిలిచి, బాపు ఫోటో కూడా పెట్టమ్మా అన్నాడు. బాపుకు ఉన్నది ఒకటే ఫోటో, నలుపు తెలుపుది, అంచులు పసుపెక్కింది. ప్రణీత దాన్ని ఫోనులో ఏదో చేసి రంగులు తెప్పించింది, బంతిపూల దండ కూడా అందులోనే వేసింది. 'ముత్తాత మంచిగున్నడు తాతా, అచ్చం నీ తీర్గనే ఉన్నడు' అంది. ఏమైనా రాయాలా అని అడిగితే, అక్కర్లేదు బిడ్డా, చూస్తే తెలుస్తది అన్నాడు. ఎవరికి తెలుస్తుంది? బాపు గోపయ్య ఊళ్లో ఆసాముల దగ్గర పాలేరుగా జీతం ఉన్న మనిషి, యాభై ఏళ్లకే డెబ్బై ఏళ్లవాడిలా అయ్యాడు. ఫ్లోరైడు బోరునీళ్లు ఎముకల్లోకి దిగి మెడ ఒక పక్కకు తిరగకుండా బిగిసిపోయిన మనిషి. అదే మెడ ఇప్పుడు గాలయ్యదీ, అదే బట్టతల, అదే పెద్ద చెవులు. పైగా ఫోటోలో ఒంటిమీద తెల్లటి, రెండు జేబుల అంగి. జీతగాడికి అట్లాంటి అంగి ఎక్కడిది, అది తనలాంటి రిటైరైన పంతులు వేసుకునే అంగి. పదేళ్లుగా కలుసుకోని ముసలివాళ్లు కళ్లద్దాల మీదుగా చిన్న ఫోనులో చూసి, దండ చూసి, తమవాడే, ఇంట్లోవాళ్లు పెట్టారు అనుకున్నారు. వాళ్ల తప్పేముంది అనిపించింది గాలయ్యకు.

'నేను బతికే ఉన్నాను, అది మా బాపు ఫోటో' అని ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొట్టాడు. పంపే గుర్తు మీదికి వేలు పోయింది, అక్కడే ఆగింది. ఎందుకు ఆగిందో అతనికే తెలియలేదు. తర్వాత మెల్లగా తెలిసింది. తాను చెప్పుకుంటే ఏముంది, బతికున్నానని ఎవరికి వాళ్లు చెప్పుకోవడం ఒక బతుకా? ఇంకెవరైనా చెప్పాలి. గాలయ్య అట్లా పోయేవాడు కాదు, ఆ ఫోటోలో ఉన్నది గాలయ్య కాదు అని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చెప్పాలి. అట్లా చెప్పగలిగిన మనిషి ఆ గ్రూపులో ఒకడే ఉన్నాడు. అచ్చంపేటలో ఉన్న బెంజమిన్. బాపును చూసింది వాడొక్కడే, ఆ ఫోటో తీయించింది వాడు, ఫోటోలో బాపు ఒంటి మీద ఉన్న అంగి వాడిది. కొట్టిన అక్షరాలన్నీ చెరిపేసి గాలయ్య ఫోను గుండె మీద పెట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు. వాడు చూడనీ, చూసి ఒక మాట అననీ అనుకున్నాడు.

ఎడమ జేబు గుండీ నీలంది. మిగతావన్నీ తెల్లవి. క్రిస్మస్‌కని బెంజమిన్ వాళ్ల అమ్మ ఎస్తేరమ్మ కుట్టించిన అంగి, ఒక గుండీ హాస్టల్లో బట్టలుతికే బండ మీద ఊడిపోతే బెంజమిన్ నీలం గుండీ కుట్టుకున్నాడు, ఎవడన్నా నవ్వితే ఇది నా గుర్తు అనేవాడు. బాపు భుజాన గుడ్డమూటతో హాస్టల్ గేటు బయట నిలబడి లోపలికి రానంటే రానని మొండికేసిన రోజు, మూటలో జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, బెంజమిన్ పోయి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాడు, తన మంచం మీద కూర్చోబెట్టాడు, రొట్టె తుంచుకుని తింటూ, 'పెదబాపూ, రేపు మేం కొలువులల్ల పడితె నిన్నెట్ల గుర్తుపట్టాలె, ఒక ఫోటో దిగుదాం రా' అన్నాడు. బాపు ఒంటి మీద గోచి, పైన తువ్వాల. బెంజమిన్ పెట్టె తెరిచి ఆ తెల్ల అంగి తీశాడు. గాలయ్యకు అప్పుడు తల దించుకోవాలనిపించింది, బెంజమిన్‌కు మాత్రం ఏమీ అనిపించినట్టు లేదు, చిన్నపిల్లవాడికి తొడిగినట్టు తొడిగి గుండీలు పెట్టాడు, బాపు మెడ తిరగదు కాబట్టి తానే చుట్టూ తిరిగి కాలరు సర్దాడు. గడియారం సెంటర్‌లో ఫోటో స్టూడియో దాకా ఆ అంగి మాసిపోతుందేమోనని బాపు రెండు చేతులూ దూరంగా పెట్టుకుని నడిచాడు. ఉతికి ఇస్తానంటే బెంజమిన్ వెనక్కి తీసుకోలేదు. ఆ రోజు బాపు నవ్విన నవ్వు ఫోటోలో రాలేదు, ఫోటో తీసేవాడు నవ్వొద్దన్నాడు.

మళ్లీ గురగుర. గాలయ్య గబుక్కున చూశాడు, బెంజమిన్ కాదు, సుహాసిని. క్లాసులో ఉన్న ఒకే ఒక్క అమ్మాయి, ఇప్పుడు హైదరాబాదులో మనవలతో ఉంటుంది. 'గాలయ్య ఎంత బాగా పాడేవాడు, వీడ్కోలు సభలో అతను పాడిన పాట ఇంకా చెవుల్లో ఉంది' అని రాసింది. గాలయ్య జన్మలో పాట పాడలేదు. పాడింది బెంజమిన్. ఇంకొకాయన, కబడ్డీలో మెరిక అని రాశాడు, బాపు ఎముకలు ఎట్లా ఉన్నాయో గాలయ్యవీ అట్లాగే ఉండేవి, కోర్టు గీత కూడా తొక్కి ఎరగడు. 'ఎవరి జోలికీ పోని మనిషి' అని మరొకాయన. ఆ ఒక్కటి నిజం అనుకున్నాడు గాలయ్య, ఎవరి జోలికీ పోలేదు, అందుకే ఎవరికీ గుర్తు లేను. ఏళ్ల తరబడి ప్రతి పండక్కీ ఈ మనుషులకు చేతులు నొప్పిపుట్టేలా శుభాకాంక్షలు పంపాడే, ఫలానావాడికి గుండె ఆపరేషన్ అంటే దేవుడున్నాడని రాశాడే, మనవడు పుట్టాడంటే లడ్డూ బొమ్మలు పెట్టాడే, వాళ్ల దగ్గర మాత్రం తన బదులు ఇంకెవరో ఉన్నారు. పాడేవాడు, ఆడేవాడు, ఎవడో. పోయింది కూడా ఆ ఎవడోనే కావచ్చు.

కోడలు మమత వాకిట్లోంచి లోపలికి వచ్చింది, చేతినిండా తంగేడు పసుపు. 'మామా, గా అటక మీది తాంబాలం జర అందియ్యవా, బతుకమ్మ పేరుస్తున్నం' అంది. గాలయ్య లేచి స్టూలెక్కకుండానే కర్రతో జరిపి పళ్లెం దించి ఇచ్చాడు. ఇచ్చి, చెప్పొద్దు చెప్పొద్దు అనుకుంటూనే, 'మా దోస్తుల గ్రూపుల నేను సచ్చిపోయిన్నని పెట్టిండ్రు' అన్నాడు. మమత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, నవ్వకూడదేమోనని ఆపుకుంది. 'అయ్యో మామా, గట్లెట్ల పెడుతరు? ఉన్ననని ఒక ముక్క పెట్టరాదు' అని, బయట ఎవరో పిలిస్తే, 'వస్తున్న సుక్కమ్మత్తా' అంటూ పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది. మంచి పిల్ల, వేళకు అన్నం పెడుతుంది, గోలీలు వేసుకున్నావా అని అడుగుతుంది. కొడుకు ఫ్యాక్టరీ షిఫ్టు నుంచి వచ్చి, బాపూ తిన్నవా అంటాడు. ఎవరూ తక్కువ చేయలేదు. కానీ భార్య శ్యామలమ్మ ఉంటేనా, ఈ పాటికి ఫోను లాక్కుని వెంకటేశ్‌కు ఫోను చేసి కడిగి పారేసేది. శ్యామలమ్మ కరోనా ఏడాది పోయింది. దవాఖాన నుంచి ఇంటికి తీసుకురానివ్వలేదు. ఆమెకూ ఇదే దీపం బొమ్మ వచ్చింది.

ఫోటోను ఎవరెవరు చూశారో తెలుసుకోవడం ప్రణీత నేర్పింది. గాలయ్య వేలు ఒత్తి పట్టి చూశాడు. పేర్ల వరసలో బెంజమిన్ పేరు ఉంది. చూశాడు. భార్య గ్లోరీ గానీ ఇంకెవరు గానీ ముట్టుకోనివ్వడు వాడి ఫోను, వాడే చూశాడు. చూసి ఊరుకున్నాడు. దండమన్నా పెట్టలేదు. నీలం గుండీ చూడలేదా, చూసి కూడా నేనే అనుకున్నాడా? వాడికే ఫోను చేయబోయి, పేరు మీద వేలు పెట్టి, తీసేశాడు. ఏమని చేయాలి, ఒరే నేను బతికున్నానని నువ్వన్నా చెప్పరా అని అడుక్కోవాలా? అదొక్కటే కాదు, ఇంకొక భయం కూడా ఉంది, దాన్ని గాలయ్య పోయిన క్రిస్మస్ నుంచి పక్కకు నెడుతూ వస్తున్నాడు. ప్రతి క్రిస్మస్ పొద్దున తాను బెంజమిన్‌కు ఫోను చేయాలి, ప్రతి దసరాకు బెంజమిన్ తనకు చేయాలి, ఎవరి పండక్కి వాళ్లు చేయకూడదు, అది వాళ్లిద్దరి మధ్య ఎన్నాళ్ల నుంచో ఉన్న కట్టుబాటు. పోయిన క్రిస్మస్‌కు చేస్తే, అంతా మాట్లాడి చివర్లో, 'చెల్లెలు బాగుందారా, శ్యామలమ్మకు నా దండాలు చెప్పు' అన్నాడు. శ్యామలమ్మ పోయినప్పుడు ఫోనులో గంటసేపు ఏడ్చినవాడే. పెద్దతనం, ఏదో మాట జారింది అనుకుని గాలయ్య, 'ఆఁ, బాగనే ఉంది' అన్నాడు. ఆ తర్వాత గ్లోరీ ఫోను తీసుకుని, 'అన్నా, ఈయన ఒక్కోసారి గిట్లనే...' అని ఆగిపోయింది. గాలయ్య కూడా అడగలేదు. అడిగితే తెలుస్తుంది కదా.

ఆ కట్టుబాటు ఎట్లా మొదలైందో తలచుకుంటే ఇప్పటికీ నోరు చేదవుతుంది. బాపు శ్రావణంలో వానల్లో పోయాడు. బెంజమిన్ అప్పుడు అమ్రాబాద్ అవతల ఎక్కడో అడవంచు బడిలో పంతులు. టెలిగ్రాం ఇచ్చారు. పొద్దున పోయిన మనిషిని గాలయ్య సాయంత్రం దాకా ఎత్తనివ్వలేదు, దేవరకొండ బస్సు వచ్చినప్పుడల్లా రోడ్డు మీదికి పోయి నిలబడ్డాడు. ఇంకొక్క బస్సు చూద్దాం, ఇంకొక్క బస్సు చూద్దాం అని. వాన ఆగదు, శవాన్ని ఎంతసేపు ఉంచుతావు అని కులపెద్దలు కేకలేశారు. ఆ తెల్ల అంగి తొడుగుదామంటే, పోయినోనికి కుట్టిన బట్టేంది అని వద్దన్నారు. ఆఖరి బస్సు కూడా చూసి ఎత్తారు. బెంజమిన్ రాలేదు. వాగు పొంగి ఆ టెలిగ్రాం వాడికి చేరిందే దినాలు అయిపోయాక అని తర్వాత ఉత్తరం రాశాడు, గాలయ్య నమ్మాడు, నమ్మి కూడా జవాబు రాయలేదు. రెండేళ్లు మాటల్లేవు. తర్వాత ఒక దసరాకు ఏమనిపించిందో, పెద్దల చేతిలో పెట్టే జమ్మి ఆకు నాలుగు రెక్కలు తుంచి కవరులో పెట్టి అచ్చంపేటకు పంపాడు, మాట ఒక్కటి రాయకుండా. క్రిస్మస్‌కు నక్షత్రం బొమ్మ ఉన్న కార్డు వచ్చింది. అప్పటి నుంచి ప్రతి ఏడూ జమ్మి ఆకు పోయేది, కార్డు వచ్చేది. జమ్మి ఆకులన్నీ బైబిల్లో పెట్టుకున్నాడని గ్లోరీ చెప్పింది. ఫోన్లు వచ్చాక జమ్మి బొమ్మ పోయేది, నక్షత్రం బొమ్మ వచ్చేది, అవి అందాయని చెప్పడానికి ఒకరి పండక్కి ఇంకొకరు ఫోను చేయడం అలవాటైంది. బాపు సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఎందుకు రాలేదురా అని గాలయ్య ఒక్కసారి కూడా నోరు తెరిచి అడగలేదు.

గ్రూపులో దండాలు తగ్గాయి. మధ్యలో ఎవరో తెలియక రంగురంగుల బతుకమ్మ పంపారు, దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. పూలు గుండ్రంగా తిరుగుతున్నాయి. గాలయ్య చావు పైకి పైకి జరిగి కనపడకుండా పోయింది. వాకిట్లో ఆడవాళ్లు ఉయ్యాల పాట అందుకున్నారు, చప్పట్లు వినిపిస్తున్నాయి. ఒక్కరూ ఇంటికి ఫోను చేయలేదు, ఎట్లా పోయాడు, ఎప్పుడు ఎత్తుతారు అని ఒక్కరూ అడగలేదు. ఇక చాలు, తానే చెప్పుకుంటాడు, సిగ్గేముంది అనుకుని గాలయ్య 'నేను' అని కొట్టాడు, అంతలో తెర మీద చిన్న గీత ఒకటి మెరిసింది. అడ్మిన్ మిమ్మల్ని తొలగించారు అని. ఇక మీరు ఈ గ్రూపుకు ఏమీ పంపలేరు అని కింద. ఇది వెంకటేశ్ పెట్టిన పద్ధతే. ఒకసారి పోయినాయన భార్యకు ఆయన ఫోనులో పెళ్లిరోజు శుభాకాంక్షలు వెళ్లి ఆమె గోడకు తల బాదుకుందట. అప్పటి నుంచి ఎవరు పోయినా అదే రోజు నంబరు తీసేయాలని అందరూ కలిసి అనుకున్నారు. మంచి మాట అని గాలయ్యే మొదట రాశాడు. వెంకటేశ్‌కు ఫోను చేశాడు. మోగింది, మోగింది, వాడు కట్ చేశాడు. పోయినవాడి నంబరు నుంచి ఫోను వస్తే ఎవడు మాత్రం ఎత్తుతాడు?

కళ్లద్దాలు తీసి ఫోటోను దగ్గరగా పెట్టుకుని చూశాడు. కళ్లద్దాలు లేకపోతే బాపుకూ తనకూ తేడా అతనికే తెలియడం లేదు. మసక రంగుల్లో ఒక ముసలివాడు, తిరగని మెడ, దండ. ఏమో, వాళ్లు అన్నదే నిజమేమో, ఈ మంచం మీద ఉన్నదే తప్పేమో. గోడకు శ్యామలమ్మ ఫోటో ఉంది, దాని పక్కన మేకు ఖాళీగా ఉంది, ఎప్పుడో తానే కొట్టాడు, క్యాలెండరుకని. గాలయ్యకు ఏడుపు రావడం లేదు, వస్తే బాగుండు అనిపించింది. దేవుడా, ఒక్కడు, ఒక్కడన్నా అని గొణిగాడు. అప్పుడు ఫోను మోగింది, గురగుర కాదు, మోత. తెర మీద బెంజమిన్ పేరు.

'గాలయ్యా' అంది గొంతు. ముసలి గొంతే, కానీ ఎక్కడో అడుగున హాస్టల్ గొంతు ఉంది.

'బెంజమిన్' అన్నాడు గాలయ్య.

'ఫోటో చూసిన్రా. గప్పటిసంది ఏడుస్తున్న. మాట్లాడుడు చాతనైతలేదు.' ముక్కు చీదాడు. 'బాపు పోయిండు గదరా.'

గాలయ్య మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు.

'నా అంగి తొడుక్కున్నడు సూడు, నీలం గుండీ. గా గుండీ సూడంగనే నాకు తెలిసిపోయింది, పెదబాపే అని. ఎట్ల పోయిండురా? మొన్ననే కద రొట్టెలు తెచ్చిండు. నువ్వు ఫికర్ చెయ్యకు. బాపు పోతె పోయిండు, నువ్వున్నవు గద. ఇంటికి నువ్వున్నవు. ఇంటున్నవా? నువ్వున్నవు గదరా.'

'ఉన్న' అన్నాడు గాలయ్య. మధ్యాహ్నం నుంచి ఒక్కరి నోట వినాలని కాచుకున్న మాట అదే. ఆ మాట అన్నవాడు మాత్రం ఈ ఊళ్లో, ఈ ఏడాదిలో లేడు. 'ఉన్న బెంజమిన్. ఇక్కడనే ఉన్న.'

వెనక గ్లోరీ గొంతు, ఎవరితోని, గా ఫోనిటియ్యి అని. 'ఆగు' అని కసిరాడు బెంజమిన్. 'గాలయ్యోళ్ల బాపు పోయిండే. నా చెప్పులు యాడున్నయ్, సంచి తియ్యి.' మళ్లీ ఫోనులోకి, రొప్పుతూ, 'నేను ఎల్లుతున్నరా. దేవరకొండ బస్సుకు వస్త. వాన పడినా సరే, వాగొచ్చినా సరే. నేనొచ్చేదాంక ఎత్తకుండ్రి. గా అంగితోనే పంపాలె బాపును. పెద్దమనుషులు గిట్ల ఏమన్న అంటె నేను చెప్తనని చెప్పు. జర ఆపుతవా?'

వాకిట్లో బతుకమ్మను ఎత్తుతున్నట్టున్నారు, పాట గేటు దాటి రోడ్డు మీదికి పోతోంది. గాలయ్య చెంపల మీద నీళ్లు మెడ మీదికి కారుతున్నాయి, తుడుచుకోలేదు.

'ఆపుత' అన్నాడు. 'రోడ్డు మీదనే నిలబడి చూస్తుంట. నువ్వొచ్చేదాంక ఎత్తం.'